గిటార్ ట్రాక్‌లో టిక్ టిక్ వినిపిస్తే ఇకపై వెనక్కి పంపుతాను
మిక్సింగ్‌కి పాటలు పంపేవాళ్లందరికీ ఒక మాట. ఇంట్లో రికార్డ్ చేసి మీరు పంపే గిటార్ ట్రాక్‌లలో ఈమధ్య టిక్‌మనే శబ్దాలు, నోటు మధ్యలో చిన్న చిన్న ఖాళీలు ఎక్కువయ్యాయి. ఒకటీ అరా అయితే నేనే సర్దేస్తాను. పాటంతా అలాగే ఉంటే నా వల్ల కాదు. రికార్డింగ్‌లో పడిపోయిన ముక్క ఫైల్‌లో ఉండదు కదా. అందుకే అలాంటి ట్రాక్ వస్తే పని మొదలుపెట్టకుండానే తిప్పి పంపుతాను. డబ్బులు తీసుకోను, కానీ డెలివరీ ఆలస్యమవుతుంది.

‘రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో సిస్టమ్ ఓవర్‌లోడ్ అని వస్తోంది, కొత్త కంప్యూటర్ కొనాలా?’ అని కొందరు అడుగుతున్నారు. తొందరపడకండి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 30 శాతమే చూపిస్తున్నా ఈ ఎర్రర్ రావచ్చు. 44.1 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 44,100 శాంపిల్స్ లెక్కన, బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తయారుచేసే శబ్దం ముక్క) 128 శాంపిల్స్ పెట్టారంటే, సుమారు ప్రతి 2.9 మిల్లీసెకన్లకూ కంప్యూటర్ ఒక ముక్క సిద్ధం చేసి ఇవ్వాలి. ఒక్కసారి ఆలస్యమైనా టిక్. పైగా ఒకే ట్రాక్ మీద వరసగా పెట్టిన ప్లగిన్లు (శబ్దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్లు) మామూలుగా సీపీయూలోని ఒకే కోర్ మీద నడుస్తాయి. మిగతా కోర్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నా దానికి సాయం రావు.

ముందు అనుమానించాల్సింది ఆంప్ సిమ్యులేటర్‌ని, అంటే గిటార్ ఆంప్లిఫయర్‌ని అనుకరించే ప్లగిన్‌ని. అది తీసేసి, ఇంటర్‌ఫేస్‌లోని (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) డైరెక్ట్ మానిటరింగ్‌తో, అంటే కంప్యూటర్ దాకా వెళ్లకుండా నేరుగా వచ్చే శబ్దాన్ని వింటూ వాయిస్తే గొడవే లేదు. కానీ డిస్టార్షన్ లేకుండా పవర్ కార్డ్స్ వాయించబుద్ధి కాదు, అది నాకూ తెలుసు. అలాంటప్పుడు ఒక్క ఆంప్ మాత్రం ఉంచి దానిలో ఓవర్‌శాంప్లింగ్ (నాణ్యత కోసం అదనపు లెక్కలు చేసే సెట్టింగ్) ఆపేయండి, మిగతా ట్రాక్‌లు ఫ్రీజ్ చేయండి (ప్లగిన్లు ప్రతిసారీ నడవకుండా ఆడియోగా మార్చేయడం), పాటంతా కలిసే మాస్టర్ ట్రాక్ మీద లిమిటర్‌లాంటివి (శబ్దం హద్దు దాటకుండా ఆపే ప్లగిన్) ఉంటే తీసేయండి. బఫర్ 256కి పెంచినా ఒక్కో వైపు ఆలస్యం దాదాపు 5.8 మిల్లీసెకన్లే, రానూపోనూ కలిపి 12 చుట్టుపక్కల లేదా కాస్త ఎక్కువ, చాలామందికి చేతికి పెద్దగా తెలియదు. 1024 అయితే ఒక్కో వైపే 23 దాటుతుంది, తాళం తప్పుతుంది. అది మిక్సింగ్‌కి ఉంచుకోండి.

విండోస్ వాడేవాళ్లు ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏఎస్ఐఓ డ్రైవరే (ఆలస్యం తక్కువగా ఉండే ఆడియో డ్రైవర్) ఎంచుకోండి. అయినా తగ్గకపోతే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ కాసేపు నడిపి చూడండి, అడ్డుపడుతున్న డ్రైవర్ పేరు చూపిస్తుంది. వైఫై డ్రైవర్ అయితే రికార్డింగ్ అయ్యేదాకా వైఫై ఆపేస్తే చాలు. ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ పెట్టి ఉంచండి. ఇంటర్‌ఫేస్‌ని హబ్‌కి కాకుండా నేరుగా కంప్యూటర్ పోర్ట్‌కే పెట్టండి.

ఫైల్ పంపే ముందు గిటార్ ట్రాక్ ఒక్కటే సోలోలో ప్లగిన్లన్నీ ఆపి రెండుసార్లు వినండి. టిక్ ప్రతిసారీ అదే చోట వస్తే అది ఫైల్‌లోనే ఉన్నట్టు. వేరే వేరే చోట్ల వస్తే అది ప్లేబ్యాక్ గొడవ, ఫైల్ బాగానే ఉంటుంది, పంపేయండి. అదే చోట వస్తుంటే అక్కడ బాగా జూమ్ చేయండి. అల మధ్యలో తెగి నిట్టనిలువుగా ఎగిరినట్టు కనిపిస్తే డ్రాపౌట్ (శబ్దంలో ముక్క పడిపోవడం), ఆ బిట్ వరకు మళ్లీ వాయించాలి. అల కొన నరికినట్టు చదునుగా ఉంటే అది క్లిప్పింగ్, అంటే శబ్దం మరీ ఎక్కువై హద్దు దాటడం. దానికి కంప్యూటర్‌ని తిట్టుకోవద్దు, ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ తగ్గించి మళ్లీ వాయించండి.

ఆంప్ సౌండ్‌తో పాటు డ్రై ట్రాక్ (ఆంప్, ఎఫెక్ట్‌లు లేని అసలు గిటార్ శబ్దం) కూడా 24 బిట్ వేవ్ ఫైల్‌గా పంపండి. ఆంప్ ఇక్కడ నేను పెట్టుకోగలను.