2025–26 వార్షిక నివేదిక: మన దుకాణాలు, బిల్లు, తూకం, మొహమాటం

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన వినియోగదారుల సంఘం చేసిన పనిని సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. జమాఖర్చుల పట్టికను విడిగా అందజేశాం కనుక ఇక్కడ ఆ జోలికి పోవడం లేదు. మనకు అందిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దూరాన ఉన్న పెద్ద కంపెనీల మీద వచ్చినవి కావు. మనం నిత్యం వెళ్లే కిరాణా కొట్లు, మందుల షాపులు, స్వీటు దుకాణాలు, ఎలక్ట్రానిక్స్ షాపులు, ఎరువుల కొట్ల గురించి వచ్చినవే. అందువల్ల ఈ నివేదిక కూడా వాటికే పరిమితమవుతుంది.

చిన్న పట్టణంలో దుకాణదారు మనకు కొత్తవాడు కాడు. జీతం ఆలస్యమైతే సరుకు ఇచ్చి ఖాతాలో రాసుకుంటాడు, పెద్దవాళ్లు ఫోను చేస్తే సామాను ఇంటికి పంపిస్తాడు, విప్పని ప్యాకెట్టు తీసుకెళ్తే ఎప్పుడు కొన్నారని కూడా అడగకుండా మార్చి ఇస్తాడు. ఈ మర్యాద ఏ చట్టమూ తెచ్చిపెట్టింది కాదు, ఏ సూపర్ మార్కెట్టూ ఈ మేరకు చేయగలిగింది కాదు. అయితే ఫిర్యాదు దగ్గరికి వచ్చేసరికి ఈ పరిచయమే అడ్డుపడుతోంది. తూకం తగ్గిందని తెలిసినా రోజూ ముఖాలు చూసుకునేవాళ్లం, మాటపట్టింపు ఎందుకులే అని ఊరుకున్నవారు, బిల్లు అడిగితే “మామీద నమ్మకం లేదా?” అంటారేమోనని వెనుదీసినవారు మన సభ్యుల్లోనే చాలామంది ఉన్నారు. ఈ ఏడాది సంఘం శ్రమలో సగం ఈ మొహమాటాన్ని పోగొట్టడానికే సరిపోయిందంటే అతిశయోక్తి కాదు.

బిల్లు సంగతి ముందుగా చెప్పాలి. 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో చేర్చింది. జీఎస్టీ చట్టం 200 రూపాయల లోపు అమ్మకాలకు కొంత వెసులుబాటు ఇచ్చినా, కొన్నవారు అడిగితే బిల్లు ఇవ్వవలసిందే. ఇక చాలా కొట్లలో గల్లాపెట్టె వెనుక వేలాడే “ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అనే బోర్డు విషయానికి వస్తే, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం కూడా అదే చట్టం ప్రకారం అనుచితమే. చీర రంగు ఇంట్లోవాళ్లకు నచ్చలేదని వాపసు కోరే హక్కు మాత్రం దీనివల్ల రాదు. ఆ సందర్భాల్లో దుకాణదారు మార్చి ఇస్తే అది ఆయన మంచితనమే తప్ప మన హక్కు కాదని కొందరు సభ్యులకు నచ్చజెప్పవలసి వచ్చింది.

ఒక సభ్యురాలి ఫ్రిజ్ వ్యవహారాన్ని కొంత వివరంగా చెబుతాను. కొన్నప్పుడు డబ్బంతా చెల్లించారు గానీ, తెలిసిన షాపే కదా అని బిల్లు తీసుకోలేదు. కంప్రెసర్ ఆగిపోయాక వారంటీ కార్డు తెరిచి చూస్తే అందులో తేదీ లేదు, ముద్ర లేదు, సంతకం లేదు. సర్వీసు సెంటరువారు బిల్లు లేనిదే చేయి వేయబోమన్నారు. షాపువారేమో కంపెనీతో మాట్లాడుకోమన్నారు. మన కార్యవర్గ సభ్యులు ఆమెతో కలిసి షాపుకు వెళ్లి, ఆమె ఫోనులోని యూపీఐ చెల్లింపు వివరాలను, ఫ్రిజ్ వెనుక అంటించిన సీరియల్ నంబరును షాపు స్టాకు పుస్తకంతో సరిపోల్చి చూపించగా, రెండూ కలిశాయి. ఆ తర్వాత ఇక వాదన సాగలేదు. షాపువారు రికార్డు ప్రకారం బిల్లు ఇచ్చారు, మరమ్మతు వారంటీలోనే జరిగింది. “బిల్లుతో అయితే ఒక రేటు, బిల్లు లేకుండా అయితే ఒక రేటు” అనే బేరానికి ఒప్పుకొని నగదు చెల్లించినవారికి మాత్రం మేము ఇంత గట్టిగా సాయపడలేకపోయాం. మిగిలే ఆ కాస్త డబ్బుకోసం వారంటీని, ఫిర్యాదు చేసే ఆధారాన్ని ఒకేసారి వదులుకుంటున్నామని సభ్యులు గమనించాలి.

తూకం గురించి వచ్చిన ఫిర్యాదుల్లో స్వీటు దుకాణాలదే పైచేయి. పండుగ రద్దీలో అట్టపెట్టెతో సహా మిఠాయిని కాటా మీద పెట్టి తూస్తే, పెట్టె బరువుకూ నేతిమిఠాయి ధరే పడుతుంది. ఖాళీ పెట్టెను ముందు కాటా మీద పెట్టి, మీట నొక్కి సున్నా చేసి, ఆ తర్వాత సరుకు వేయడానికి రెండు క్షణాలు కూడా పట్టదు. మన సభ్యులు కొందరు దుకాణాల్లో నిలబడి మర్యాదగా ఇదే అడగ్గా, ఎక్కువచోట్ల మారుమాట లేకుండా చేశారు. ఒకచోట మాత్రం “అందరూ ఇలాగే తూస్తారండీ” అని సమాధానం వచ్చింది, అది నిజమే కావడం వల్లనే మేము ఆ పనికి పూనుకున్నాం. 2009 నాటి తూనికలు కొలతల చట్టం కింద ఎలక్ట్రానిక్ కాటాలకు ఏడాదికోసారి, రాళ్లకు, మామూలు త్రాసులకు రెండేళ్లకోసారి తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి, ఆ ధ్రువపత్రం కొనేవారికి కనిపించేచోట ఉండాలి. గడువు దాటిన ధ్రువపత్రాలు కొన్ని మా కంటబడ్డాయి. అన్నీ మోసం కాదు, చాలావరకు అశ్రద్ధే. ఫిర్యాదు పెట్టకముందే దుకాణదారులకు తెలియజేసి, గడువు ఇచ్చి, తిరిగి చూడాలన్న కార్యవర్గ నిర్ణయాన్ని కొందరు సభ్యులు మెతకవైఖరి అన్నారు. అయినా ఆ పద్ధతే ఫలితమిచ్చిందని నా అభిప్రాయం.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారిన తర్వాత కొన్ని వారాలపాటు మనకు వచ్చిన ప్రశ్నలన్నీ దాదాపు ఒకటే. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, తలనూనెల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి, ఏసీలు, పెద్ద టీవీల మీద 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, మరి కొట్లో పాత ఎమ్మార్పీయే ఎందుకు తీసుకుంటున్నారు అన్నది ఆ ప్రశ్న. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడని ధర గనుక, పాత ధర ముద్రించిన ప్యాకెట్టును తగ్గించి అమ్మడానికి ఎవరికీ అడ్డులేదని మేము అందరికీ చెప్పాం. జీఎస్టీ నమోదు ఉన్న పెద్ద దుకాణాలు తగ్గింపును ఇవ్వకపోవడాన్ని సమర్థించలేం. కానీ కాంపోజిషన్ పద్ధతిలో, అంటే మొత్తం అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే సులభ పద్ధతిలో ఉన్న చిన్న కిరాణావారి సంగతి వేరు. వారు సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకునే వీలు లేదు కాబట్టి పాత నిల్వ మీద నష్టం వారి జేబునుంచే పోయింది. ఈ బాధను మేము విన్నాం, నమోదు చేశాం. అదే సమయంలో, కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారు బిల్లులో విడిగా పన్ను వసూలు చేయకూడదనీ, తాము ఆ పద్ధతిలో ఉన్నట్టు బోర్డు పెట్టాలనీ వారికి గుర్తుచేశాం. చల్లటి సీసాకు “కూలింగ్ ఛార్జి” పేరిట ఎమ్మార్పీ మీద అదనంగా తీసుకోవడం ఏ పద్ధతిలో ఉన్నవారికైనా కుదరదు.

ఈ ఏడాది అన్నిటికన్నా ఇబ్బంది పెట్టిన విషయం ఎరువులది. ఖరీఫ్‌లో యూరియా కొరతతో రైతు సభ్యులు కొట్ల ముందు గంటలకొద్దీ నిలబడ్డారు. 45 కిలోల బస్తా గరిష్ఠ ధర 266 రూపాయల 50 పైసలు. అంతకు పైన అడిగినవారు కొందరైతే, ధర సరిగానే తీసుకొని మరో మందో, మరో సీసానో కొంటేనే బస్తా ఇస్తామన్నవారు ఇంకొందరు. ఒక సరుకు కావాలంటే మరొకటి కొనితీరాలని షరతు పెట్టడం వినియోగదారుల చట్టం కింద నిర్బంధ వ్యాపార పద్ధతి. రైతు వినియోగదారుడే కాడని ఒక డీలరు వాదించగా, విత్తనాలు కొన్న రైతులు వినియోగదారులేనని నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2012లో ఇచ్చిన తీర్పు ప్రతిని చూపించాం. ఆ కేసు మొదలైంది తెలుగు నేల మీదే. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నిల్వ, ధరల వివరాలు కొట్టు ముందు బోర్డు మీద ఉండాలి, ప్రతి అమ్మకానికీ బిల్లు ఇవ్వాలి. ఈ రెండూ లేని కొట్ల వివరాలను వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఇచ్చాం. పైనుంచే తమకు ఆ సీసాలు అంటగడుతున్నారని డీలర్లు చెప్పిన మాటను కూడా అదే లేఖలో చేర్చాం, ఎందుకంటే కొరతకు కారణం కొట్టులో లేదు.

తక్కినవి క్లుప్తంగా చెబుతాను. మందుల షాపుల్లో స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేటప్పుడు గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతోందన్న ఫిర్యాదు మీద షాపులవారు వెంటనే సహకరించారు. బంగారు నగల మీద ఒక్కో నగకు ఒక్కోటిగా ఉండే ఆరు అక్షరాంకెల హాల్‌మార్కు గుర్తింపు హెచ్‌యూఐడీ సంఖ్యను భారత ప్రమాణాల సంస్థవారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఎలా సరిచూసుకోవాలో మహిళా సభ్యుల సమావేశంలో చూపించాం. పది రూపాయల నాణేన్ని ఇప్పటికీ కొందరు తిరస్కరిస్తున్నారు. అన్ని నమూనాల నాణేలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే ప్రకటించింది. చిల్లరకు బదులు చాక్లెట్లు ఇచ్చే అలవాటు మాత్రం యూపీఐ పుణ్యమా అని దానంతటదే తగ్గిపోయింది.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కేసుకు రుసుము లేదు, మనం నివసించేచోటే దాఖలు చేయవచ్చు, రెండేళ్ల గడువుంది, ఇప్పుడు ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా ఇంటినుంచే వేయవచ్చు. అయినా ఒక తాళంకప్ప గురించో, మిక్సీ గురించో జిల్లా కేంద్రం దాకా వెళ్లే ఓపిక ఎవరికీ ఉండదు. దుకాణంలో మాట్లాడి తేలని వాటిని ముందుగా జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కు చెప్పించడమే మేలని అనుభవం మీద తేలింది. తెలుగులోనే మాట్లాడవచ్చు.

“ఉత్తమ దుకాణం” పురస్కారం ఇవ్వాలన్న ప్రతిపాదనను కార్యవర్గం తిరస్కరించింది. మన సభ్యుల్లో దుకాణదారుల బంధువులు గణనీయంగా ఉన్నారు, ఆ తగవు తీర్చే శక్తి కార్యవర్గానికి లేదు.

రాబోయే ఏడాదికి ముద్ర వేయించిన ఒక కిలో, అరకిలో రాళ్లను సంఘం కార్యాలయంలో ఉంచి, సభ్యులు తెచ్చిన సరుకును అక్కడే సరిచూసుకునే ఏర్పాటు చేస్తున్నాం. ఎరువుల కొట్ల ధరల బోర్డుల పరిశీలన ఈసారి ఖరీఫ్ పనులు మొదలుకాకముందే చేపడతాం. అందులో పాల్గొనదలచినవారు, ముఖ్యంగా రైతు సభ్యులు, ఈ సమావేశం ముగిసేలోగా తమ పేరు నమోదు చేయించుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి