మా పెద్దత్తకి, పేరు తెలియని ఆ ముగ్గురు అన్నలకి థాంక్స్

అందరికీ నమస్తే. పోయిన ఆదివారం నేను బావిలో మెట్ల కాడ నుంచి అవతలి గోడ దాకా ఈదినా. ట్యూబు లేకుండా, ఎవరూ పట్టుకోకుండా. మహా అయితే ఇరవై అడుగులు ఉంటుందేమో, కానీ నాకు అదెంత దూరమో మా ఇంట్లోవాళ్లకి తెలుసు, అందుకే ఈ పోస్టు.

మాది కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడినప్పుడు నేను ఐదో తరగతి. శ్రీశైలం డ్యామ్ పూర్తి మట్టం 885 అడుగులైతే అప్పుడు 896 దాటిందని, కింద నిండిపోయి పైనుంచి వచ్చే నీళ్లకి పోయే దారి లేకపాయనని, ఇవన్నీ పెద్దయినాక తెలుసుకున్నవి. ఆ రోజు నాకు తెలిసింది మా మేడ మెట్లే. మొత్తం పద్దెనిమిది. పైన కూర్చుని లెక్కపెట్టుకుంటా ఉన్నా, నాలుగు మునిగినాయి, ఏడు మునిగినాయి, చీకటి పడేసరికి పదమూడు. కింద మా బియ్యం డ్రమ్ము తేలుకుంటా పోయి గోడకి కొట్టుకునేది, డబ్ మని, కాసేపు ఆగి మళ్లీ డబ్ మని, కరెంటు లేదు, ఎవరూ మాట్లాడట్లేదు, రాత్రంతా అదే శబ్దం.

నీళ్లు తీసేసినాయి, బురద కడుక్కున్నాం, బడికి పోయినాం. నాకు మాత్రం మగ్గుతో తలకి నీళ్లు పోసుకుని కళ్లు మూసుకుంటే ఊపిరి ఆడేది కాదు. హైదరాబాద్ బస్సు బ్రిడ్జి ఎక్కుతుందంటే తల వంచుకునేదాన్ని. 2020లో తుంగభద్ర పుష్కరాలప్పుడు కరోనా వల్ల నదిలో మునకలు వద్దు, షవర్ల కింద స్నానం చేయండి అన్నారు కదా, మా అమ్మ ఎంత బాధపడిందో, నాకేమో హమ్మయ్య అనిపించింది, అది ఆమెకి ఈ రోజుదాకా చెప్పలేదు. మధ్యలో ఒకసారి ఈత క్లాసులకి కూడా పోయినా. రెండో రోజే కోచ్ వెనక నుంచి నీళ్లలోకి తోసేసినాడు, భయం పోవాలంటే ఇట్లే చేయాలంట. ఇంగ ఆ పక్కకి పోలేదు.

మా బాబుకి ఐదేళ్లు. మొన్న వేసవిలో అందరు పిల్లలూ నీళ్ల తొట్టిలో ఆడుతుంటే వాడు దూరంగా నిలబడి "అమ్మకి భయం, నాకూ భయం" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కోడుమూరు దగ్గర పల్లెలో మా అత్తగారి అక్క ఉంటారు, మేమందరం పెద్దత్త అంటాం. అరవై దాటినాయి, చీర గోచి పెట్టి బావిలోకి దిగితే చేపే. ఆమె నన్ను ఏమీ అడగలేదు, తోటలో దిగుడుబావి దగ్గరికి తీసుకుపోయి మెట్ల మీద కూర్చోబెట్టింది. మొదటి వారం అంతే, కూర్చుని శనక్కాయలు తిని వచ్చేసినాం. రెండో వారం పాదాలు మునిగేదాకా. తర్వాత మోకాళ్లు. నేను మళ్లీ మెట్లు లెక్కపెట్టుకుంటా ఏడుస్తుంటే ఒకటే మాట అనింది: "ఆ పొద్దు నీళ్లు నీ కాడికి వచ్చినాయి మే. ఈ పొద్దు నువ్వే నీళ్ల కాడికి పోతాండావు. యాడ నిలబడాల్నో నువ్వే చెప్పు, ఆడనే నిలబడదాం." నిజంగానే నిలబడింది. ఒకే మెట్టు మీద మూడు ఆదివారాలు నిలబడింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇట్ల మెల్లమెల్లగా దగ్గరికి తీసుకుపోవడాన్నే ఎక్స్‌పోజర్ థెరపీ అంటారని నర్సుగా చేసే మా ఆడపడుచు చెప్పింది, పెద్దత్తకి ఆ పేరు తెలీదు, ఓపిక మాత్రం ఉంది.

నోటితో నీళ్లలో బుడగలు ఊదడం, తర్వాత నడుముకి తాడు కట్టుకుని వెల్లకిలా తేలడం. ఊపిరి నిండా పీల్చుకుని వదులుగా పడుకుంటే ఒళ్లు దానంతట అదే తేలుతుంది, భయపడి తల పైకెత్తినామా కాళ్లు కిందికి పోతాయి, ఇది అర్థం కావడానికే నాకు రెండు నెలలు పట్టింది. తాడు పట్టుకోవడానికి ప్రతి ఆదివారం పొద్దున్నే లేచి వచ్చిన మా మరుదులిద్దరికీ, బాబుని చూసుకున్న మా ఆయనకీ చానా చానా థాంక్స్.

ఇంకొకటి. మధ్యలో పెద్దత్త ఒక పాత ట్రాక్టర్ ట్యూబు గాలి కొట్టించి తెచ్చింది. ఆ నల్ల ట్యూబు నీళ్ల మీద చూడగానే నాకు వరద రెండో రోజు గుర్తొచ్చింది. ముగ్గురు అన్నలు లారీ ట్యూబుల మీద మా సందులోకి వచ్చినారు. పిల్లల్ని దాటిస్తామన్నారు. నేను ఎక్కనని గోడ పట్టుకుని ఏడ్చినా. వాళ్లు బలవంతం చేయలేదు, తిట్టలేదు, రెండు పాల ప్యాకెట్లు, ఒక బ్రెడ్డు పైకి విసిరి "సరేలే పాపా, మళ్లీ వస్తాం" అని పోయినారు. సాయంత్రం నిజంగానే మళ్లీ వచ్చినారు, నేను మళ్లీ ఎక్కలేదు, మళ్లీ బ్రెడ్డు ఇచ్చిపోయినారు. ఇన్నేళ్లూ నీళ్లే గుర్తున్నాయి, ఆ అన్నలు గుర్తు లేరు.

అన్నా, మీలో ఎవరికైనా ఇది చేరితే ఒక్క మాట పెట్టండి. ఎర్ర గేటు మేడ మీద, స్కూలు యూనిఫాంలో, రెండు జడల పాప. ఆ పాపని నేనే. ఇప్పుడైతే ఎక్కుతా.