తెన్నేటి పార్కు దగ్గర ఆదుకున్న పెద్దమనిషికి కృతజ్ఞతలు

ఆదివారం ఉదయం గైడు వెంట విశాఖ ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వైపు ఎలక్ట్రిక్ సైకిళ్లపై తీరిగ్గా సాగుతుండగా, తెన్నేటి పార్కు దగ్గరి ఎత్తులో మా నాన్నగారి సైకిలు మోటారు ఆగిపోయింది. బ్యాటరీ నిండుగానే ఉంది. గైడు అప్పటికే ముందున్నవారితో మలుపు దాటారు. నడకకు వచ్చిన మీరు ఆగి, బ్రేకు పట్టగానే మోటారుకు కరెంటును ఆపే చిన్న స్విచ్చు ఆ పిడిలోనే ఉంటుందని, ఇసుక చేరి పిడి పూర్తిగా వెనక్కి రాకపోవడంతో బ్రేకు ఇంకా పట్టి ఉన్నట్టే అయిందని వివరించి, మీ సీసాలోని మంచినీళ్లతో దాన్ని కడిగి సరిచేశారు. డెబ్బై దాటిన నాన్నగారిని చిన్నబుచ్చకుండా, ఎత్తు రాకముందే మోటారు సాయం పెంచుకోవాలని మీరు చెప్పిన తీరు మాకు మరీ నచ్చింది. మా కుటుంబమంతటి తరఫున మీకు హృదయపూర్వక కృతజ్ఞతలు.