చెక్క బీరువా వద్దు, తీగల ర్యాకు కొనుక్కో

చిరంజీవి కిరణ్‌కు,

అమ్మ ఆశీస్సులు. విశాఖలో నీ గది ఫోటోలు చూశాను. కంప్యూటరు, రూటరు, హార్డ్ డిస్కుల పెట్టె, యూపీఎస్ అన్నీ తలుపులున్న చెక్క బీరువాలో సర్ది, దుమ్ము పడదని సంబరపడుతున్నావు. కానీ లోపల పుట్టే వేడికి దారి లేనప్పుడు ఫ్యాన్లు ఆ వేడిగాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంటాయి. ఇన్నేళ్ళు పాలిటెక్నిక్ ల్యాబు చూసుకున్నదానిగా చెబుతున్నాను, ఇనుప తీగల అరలుండే ర్యాకు కొనుక్కో. దుమ్ము పడుతుంది, నిజమే; అయితే అది కంటికి కనిపిస్తుంది, బ్రష్షుతో దులిపితే పోతుంది.

హోటళ్ళ వంటగదులకు సామాను అమ్మే దుకాణాల్లో దొరికే ర్యాకే ఇది. నిలువు గొట్టాల మీద అంగుళానికొక గాడి ఉంటుంది. కావలసిన గాడి దగ్గర రెండు ముక్కల ప్లాస్టిక్ తొడుగు బిగించి అరను పైనుంచి దించితే, బరువు పడేకొద్దీ అది మరింత బిగుసుకుంటుంది. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టే ఊరు కనుక క్రోము మెరుపు చూసి మురిసిపోక, తుప్పును ఆపే ఎపాక్సీ పూత ఉన్నది అడుగు.

యూపీఎస్‌లో సీసపు బ్యాటరీలు బరువు కాబట్టి దాన్ని అట్టడుగు అరలో పెట్టు. ఆ అర నేలకు జానెడు ఎత్తున ఉంటే ఇల్లు తుడిచే నీళ్ళు తగలవు. డిస్కుల పెట్టె రబ్బరు కాళ్ళు తీగల సందుల్లో దిగబడతాయి కనుక దాని మేరకే చిన్న పలక వెయ్యి, అరంతా కప్పితే గాలికి దారి మూసినట్టే. కంప్యూటరులోంచి విప్పి తీసిన మదర్‌బోర్డును, అంటే దాని ప్రధాన సర్క్యూట్ పలకను, మాత్రం ఎన్నడూ తీగల మీద పెట్టవద్దు. అడుగున టంకం మొనలు ఇనుముకు తగిలితే షార్టవుతుంది. రూటరు పై అర మీదే ఉండాలి, చుట్టూ లోహముంటే వైఫై బలహీనపడుతుంది.

ఈ ర్యాకు సుఖం అసలు కేబుళ్ళ దగ్గర తెలుస్తుంది. ఎక్కడ కావాలంటే అక్కడ తీగకు వెల్క్రో పట్టీతో కట్టేయవచ్చు. కరెంటు వైర్లను ఒక పక్క గొట్టం వెంట, నెట్‌వర్క్ కేబుళ్ళను మరో పక్క గొట్టం వెంట దింపి, ప్రతి పరికరం వెనుకా మూరెడు వదులు ఉంచితే, దేన్నైనా ఆపకుండానే ముందుకు లాగి చూసుకోవచ్చు. కేబుల్‌కు రెండు చివర్లా పేరు రాసి అతికించు. ఒక చివర మాత్రమే రాసే మీ కుర్రాళ్ళ బద్ధకం నాకు తెలుసు.

ర్యాకును గోడకు క్లాంపులతో బిగించాలి. మీ నాన్నగారు పండక్కి వచ్చేటప్పుడు డ్రిల్లింగ్ మిషను తెస్తానన్నారు, అప్పటిదాకా పై అరల్లో బరువులు పెట్టకు.

ఇట్లు,
అమ్మ