మా చిట్టి ఉద్యోగం సంగతి

ఒరే శీనూ,

దసరా ముందు వచ్చిన నీ ఉత్తరానికి ఇప్పుడా జవాబు అని తిట్టుకుంటావు. తిట్టుకో, కానీ మొత్తం చదివాక. ఫోన్ చేద్దామంటే అమ్మ పక్కనే ఉంటోంది, ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఆవిడ మోకాళ్ళు కాస్త నయం, కోతలు అయిపోయాయి, పెంకులు నేయించాం. ఇక అసలు సంగతి.

మా చిట్టికి ఉద్యోగం వచ్చిందనుకున్నాంరా. వాట్సాప్‌లో మెసేజ్. ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ, రోజుకి నాలుగు గంటలు, నెలకి 28,000. ఇంటర్వ్యూ పది నిమిషాలు, అదీ చాటింగ్‌లోనే. సాయంత్రానికల్లా పేరున్న కంపెనీ లోగోతో ఆఫర్ లెటర్. అమ్మ ఆ ఫోన్ తీసుకెళ్ళి దేవుడి పటాల ముందు పెట్టి దణ్ణం పెట్టింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు రగిలిపోతుంది.

నేను శనివారం వెళ్ళేసరికే ఆధార్ రెండు వైపులా, పాన్, పాస్‌బుక్కు మొదటి పేజీ, ఆధార్ చేత్తో పట్టుకుని దిగిన సెల్ఫీ, అన్నీ పంపేసింది. ల్యాప్‌టాప్‌కి డిపాజిట్ అంటే గురువారం 2,500 కట్టింది. నేను అన్నం తింటుండగా మళ్ళీ మెసేజ్, జీఎస్టీ కింద ఇంకో 7,900 కట్టమని. పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బులు తీసుకోవడమేంట్రా? చెయ్యి కడుక్కొచ్చి లెటర్ పెద్దది చేసి చూశా. లోగో చుట్టూ తెల్లటి చదరం, ఎక్కడో కత్తిరించి అతికించినట్టు. మెయిల్ ఐడీ చూస్తే జీమెయిల్. డబ్బు పోయింది కంపెనీకి కాదు, ఎవరో మనిషి యూపీఐకి. 

చిట్టి ఏడవలేదు. "డబ్బు పోతే పోయింది అన్నయ్యా, నా ఫొటో వాళ్ళ దగ్గర ఉండిపోయింది కదా" అంది.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టాం. లావాదేవీ నంబరు, టైము అడిగి రాసుకున్నారు. డబ్బు ఖాతాలు దాటిపోయి బయటికి తీసేసేలోపు చెబితేనే ఆపే వీలుంటుందట. మాకేమో రెండు రోజులు పోయింది. చాటింగ్ చెరిపేయబోతుంటే ఆపి, అన్నీ స్క్రీన్‌షాట్లు తీయించి సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో పెట్టాం. ఆధార్‌లో వేలిముద్రలు లాక్ చేయించా. సంచార్ సాథీ అనే సర్కారు సైట్‌లో దాని పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూస్తే మూడు! రెండు మావే. మూడోది ఎవరిదో. రోడ్డు పక్క గొడుగు కింద సిమ్ కొన్నప్పటి పనో, వీళ్ళ పనో... 'నా నంబరు కాదు' అని నొక్కించా. పాన్‌తో దాని పేరున ఎవడైనా అప్పు తీశాడేమోనని సిబిల్ రిపోర్టు, అదే మన పేరున ఉన్న అప్పుల చిట్టా, కూడా చూశాం, ఏడాదికోసారి ఉచితమే. ఇప్పటికైతే ఏమీ లేదు. మాస్క్‌డ్ ఆధార్ అని ఒకటుందిరా, చివరి నాలుగంకెలే కనబడతాయి. అది ముందే తెలిసుంటే...

ఇంత హడావిడిగా రాయడానికి కారణం మీ బుజ్జిగాడు. కంబోడియాలో కంప్యూటర్ పని, టికెట్టు కూడా ఏజెంటే తీస్తాడని రాశావు కదా. అలా ఉద్యోగాలని చెప్పే మన విశాఖ వైపు కుర్రాళ్ళని తీసుకెళ్ళి, బందీలుగా పెట్టి, వాళ్ళ చేత సరిగ్గా ఇలాంటి మోసాలే చేయించారు. 2024 మే నెలలో కొందరు అక్కడే తిరగబడితే పోలీసులు, ఎంబసీ కలిసి వెనక్కి తెచ్చారు. ఇది చెబితే చిట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాతో చాటింగ్ చేసినవాడూ అలాంటివాడేనేమో" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదురా.

విదేశీ ఉద్యోగాల ఏజెంట్ల పేర్లుండే సర్కారు సైట్ ఈ-మైగ్రేట్‌లో ఆ ఏజెంటు పేరు ఉందో లేదో ముందు చూడు. లేకపోతే బుజ్జిగాడి పాస్‌పోర్టు వాడి చేతికి ఇవ్వనివ్వకు. ఇప్పటికే ఇచ్చేసుంటే, ఈ ఉత్తరం అందగానే వెళ్ళి వెనక్కి తెచ్చుకో.

పోస్టు కట్టేసే వేళైంది, చిట్టి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. అందగానే ఫోన్ చెయ్యి, రాత్రి తొమ్మిది తర్వాతైతే అమ్మ పడుకుంటుంది.

నీ
రాంబాబు