పేరు చెప్పని మీకు

సోవియట్ దర్శకుడు జీగా వెర్తోవ్ రష్యా అంతర్యుద్ధం మీద 1921లో కూర్చిన మూకీ డాక్యుమెంటరీ 'అంతర్యుద్ధ చరిత్ర' ముక్కలై వేరే సినిమాల్లో కలిసిపోయింది. చరిత్రకారుడు నికొలాయ్ ఇజ్వోలోవ్ 2021లో దాన్ని మళ్లీ ఏర్చి కూర్చారు. అలాంటి ముక్కల్ని ఎలా చూడాలో చెప్పి, పేరు మాత్రం చెప్పని మీకు వేనవేల కృతజ్ఞతలు.

ఫ్రేము ఎడమ అంచు చూడమన్నారు. నిజమే, టాకీల కాలంలో వేసిన కాపీల్లో అక్కడ సౌండ్ ట్రాక్‌కి చోటు పోతుంది గనక బొమ్మ తెగుతుంది: గుర్రం ఉంటుంది, రౌతు భుజం ఉండదు! వేగం సంగతీ అంతే. 300 మీటర్ల 35 ఎంఎం రీలు సెకనుకి 16 ఫ్రేముల చొప్పున 16 నిమిషాలకు పైనే నడవాలి. టాకీల లెక్కన 24 పెడితే 11 నిమిషాల్లో అయిపోతుంది, ఎర్రసైన్యం కవాతు కాస్తా పరుగుపందెమవుతుంది. సీన్ల మధ్య మాటలు రాసి చూపే అక్షరాల కార్డు ఒకటి రెండు ఫ్రేములే మిగిలినా పారేయొద్దన్నారు చూశారా, సీన్ల వరుస తేలేది దానితోనే.