మా వీధి వాలీబాల్ గ్రౌండు, బరంపురం: జమా ఖర్చుల వివరణ

వీధి పెద్దలకు, చందా ఇచ్చిన తెలుగు, ఒడియా కుటుంబాలన్నిటికీ నమస్కారం. గ్రౌండు పని పూర్తయింది. పైసా పైసాకీ లెక్క చెప్పడం కమిటీ బాధ్యత.

జమ: 118 ఇళ్ల చందా రూ. 47,200. బజారు షాపులు ఇచ్చింది రూ. 28,000. సూరత్ మరమగ్గాల్లో పనిచేస్తున్న మన కుర్రాళ్లు, ఇచ్ఛాపురం బంధువులు కలిసి పంపింది రూ. 36,500. బ్యాంకు వడ్డీ రూ. 640. మొత్తం రూ. 1,12,340.

ఖర్చు: మట్టి, చదును, రోలరు కలిపి రూ. 31,800. స్తంభాలు, నెట్టు రూ. 27,500. ఎల్‌ఈడీ లైట్లు, పోళ్లు, వైరింగ్ రూ. 38,600. కరెంటు డిపాజిట్ రూ. 4,200. బంతులు, మందుల పెట్టె రూ. 5,400. మొత్తం రూ. 1,07,500. నిల్వ రూ. 4,840.

స్తంభాలకు అంత ఎందుకని కొందరు అడిగారు. మామూలు ఇనుప గొట్టాలు పాతితే తక్కువలో అయిపోయేది, నిజమే. కానీ మగవాళ్ల ఆటకు నెట్టు 2.43 మీటర్ల ఎత్తులో ఉండాలి, ఆడవాళ్లకు 2.24. హ్యాండిల్ తిప్పితే ఎత్తు మారే స్తంభాలు తెచ్చాం కాబట్టే ఇప్పుడు ఆడపిల్లలు సాయంత్రం నెట్టు దించుకుని వాళ్ల ఆట వాళ్లు ఆడుతున్నారు. ఇది దండగ ఖర్చు కానే కాదు.

ప్రభుత్వం డబ్బు ఎందుకు తేలేదన్నది ఇంకో ప్రశ్న. మన ఒడిశా రాష్ట్రం 2018 నుంచి దేశ హాకీ జట్లకు స్పాన్సర్. 2023 ప్రపంచ కప్పు కోసం రూర్కెలాలో బిర్సా ముండా స్టేడియం కట్టింది. అవి చూసే మన పిల్లలకు ఆటల మీద ఆశ పెరిగింది, సంతోషం. వీధి గ్రౌండుకి మాత్రం దారులు వేరు. ఎంపీ నిధులతో గోడ, గ్యాలరీ లాంటి శాశ్వత పనులు చేయించుకోవచ్చు గానీ నెలనెలా కరెంటు బిల్లుకీ, కోచ్ జీతానికీ అవి రావు. క్రీడా శిక్షణకు కంపెనీలు సీఎస్సార్ డబ్బు, అంటే లాభాల్లోంచి సమాజం కోసం పెట్టే డబ్బు, ఇవ్వొచ్చని 2013 కంపెనీల చట్టంలోనే ఉంది. అయితే 2021 ఏప్రిల్ నుంచి ఆ డబ్బుతో పనిచేసే సంస్థ కేంద్రం దగ్గర నమోదై ఉండాలి. మనకింకా సొసైటీ రిజిస్ట్రేషనే లేదు. బోలెడు ఖర్చుపెట్టి కట్టిన గ్రౌండ్లు గడ్డి మొలిచి పాడవుతున్నది ఈ నెలవారీ డబ్బు లేకనే.

అందుకే ఇంటికి నెలకు రూ. 20 అడుగుతున్నాం. 118 ఇళ్లూ ఇస్తే రూ. 2,360 వస్తుంది. కరెంటు, దుమ్ము లేవకుండా నీళ్లు పోగా మిగిలింది రిజిస్ట్రేషన్‌కి దాచుదాం. ఇవ్వలేని ఇంటిని ఎవరూ ఒత్తిడి చేయరు, ఆ ఇంటి పిల్లల ఆట ఆగదు.

బిల్లులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఆదివారం ఉదయం గుడి మండపంలో ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఒడియాలో రాసిన లెక్క కూడా అక్కడే అంటిస్తాం.